చేయని మేలు మాటేమిటి?

నెల మొదటి ఆదివారం ఆరాధన ముగింపుకొచ్చి, రొట్టె, ద్రాక్షారసం పెట్టిన బల్ల మీది తెల్లగుడ్డ తీసే వేళకు ఒకరిద్దరు మెల్లగా లేచి వెనక వరసకు వెళ్లిపోతారు. అనకాపల్లి పట్టణంలోనే కాదు, ఇటు చోడవరం వైపు, అటు యలమంచిలి వైపు ఏ చిన్న సంఘానికి వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. వాళ్లను లెమ్మని ఎవరూ అనలేదు. పాస్టరు గారు పేరు పెట్టి చెప్పనూ లేదు. అయోగ్యంగా బల్ల తీసుకోవడం గురించిన హెచ్చరిక చదవగానే వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు. ఇంటికి వెళ్లాక ‘బల్ల తీసుకోలేదేంరా?’ అని తల్లి అడిగితే ‘ఈ నెల మనసు బాగోలేదమ్మా’ అంటారు. ఆ వారం తాగి ఉండొచ్చు, గట్టు తగాదాలో తమ్ముడి మీద చెయ్యి చేసుకుని ఉండొచ్చు, రాత్రి ఫోన్లో చూడకూడనిది చూసి ఉండొచ్చు. మరుసటి నెలా అంతే. ఆ తర్వాత కొన్నాళ్లకు గుడికే రావడం మానేస్తారు. సంఘంలో వాళ్ల గురించి ‘వెనక్కి జారిపోయాడు’ అన్న ఒక్క మాట మిగులుతుంది.

బాప్తిస్మం తీసుకున్న మనిషిలో పాపం ఎందుకు మిగిలి ఉంటుంది? మేలు చేయాలని మనసారా కోరుకుంటూనే చేయలేకపోవడం ఏమిటి? ఈ ప్రశ్నలకు క్రైస్తవలోకం రెండు వేల ఏళ్లుగా జవాబులు చెప్పుకుంటోంది. ఆ జవాబుల్లో కొన్ని ఓడెక్కి విశాఖ రేవులో దిగి మన పల్లెలదాకా వచ్చాయి. కొన్ని అసలు రానేలేదు. వాటిని ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం దాచుకోను. చేసిన చెడును లెక్కపెట్టడం మన సంఘాలకు బాగా అలవాటైంది. చేయగలిగి కూడా చేయని మేలును మాత్రం మనం పాపమనే అనుకోవడం లేదు. విశ్వాసి లోపలి పోరాటం ఇంత ఒంటరిదీ ఇంత భయపెట్టేదీ కావడానికి ఇదే ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను.

మూలం అందరికీ తెలిసిందే. క్రీస్తుశకం 57 ప్రాంతంలో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో ఏడో అధ్యాయం. కోరుకున్న మేలు తన చేత కావడం లేదని, వద్దనుకున్న కీడే చేస్తున్నానని, తన అవయవాల్లో మరో నియమం తన మనసుతో పోరాడుతోందని అక్కడ ఒక ‘నేను’ మొరపెట్టుకుంటాడు. ఆ ‘నేను’ ఎవరు? వాదమంతా ఇక్కడే మొదలైంది.

తొలినాళ్ల గ్రీకు వ్యాఖ్యాతలు ఓరిజెన్, క్రిసోస్తం వంటివారు అది కృప పొందకముందు మనిషి గొంతు అన్నారు. అంతటి అపొస్తలుడు తాను పాపానికి అమ్ముడుపోయానని ఎలా అంటాడన్నది వాళ్ల సందేహం. అగస్టీన్ కూడా మొదట అలాగే అనుకున్నాడు. తర్వాత, మనిషి తన ప్రయత్నంతోనే పాపం లేకుండా బతకగలడన్న పెలేజియస్ వాదులతో తలపడుతున్న రోజుల్లో మనసు మార్చుకుని, ఇది విశ్వాసి అయిన పౌలు మాటేనన్నాడు. ఆ మార్పును జీవితం చివర్లో, 427 ప్రాంతంలో, తన పుస్తకాలన్నీ తానే తిరగేసి సరిదిద్దుకుంటూ బాహాటంగా రాసిపెట్టాడు. మిలాన్ తోటలో 386లో మారుమనస్సు పొందిన మనిషి, ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు దైవసేవలో గడిపిన బిషప్పు, తన లోపల యుద్ధం ఆగలేదని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. వెనక వరసలోకి వెళ్లి కూర్చునే మన కుర్రాడికి ఈ కథ ఎవరూ చెప్పరు.

లూథర్ అగస్టీన్ దారినే నడిచి ఇంకా ముందుకెళ్లాడు. 1515-16లో విట్టెన్‌బర్గ్‌లో రోమా పత్రిక మీద పాఠాలు చెబుతూ, విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ కూడా అనే ఆలోచనకు వచ్చాడు. కథోలిక సంఘం దీనికి పూర్తిగా తలూపలేదు. బాప్తిస్మం తర్వాత మనిషిలో పాపం వైపు మొగ్గు మిగిలి ఉంటుంది, కానీ ఆ మొగ్గుకు లొంగనంతవరకూ అది పాపం కాదు అని 1546లో ట్రెంట్ మహాసభ తేల్చింది. రెండు పక్షాలూ 1999లో ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసేటప్పుడు కూడా ఈ ముడి విప్పడానికి ప్రత్యేకంగా వివరణ రాసుకోవలసి వచ్చింది. పండితుల గొడవలా కనిపించినా దీని అవసరం పల్లెల్లో ఉంది. చెడు ఆలోచన రావడమే పాపమని నమ్మే పదహారేళ్ల పిల్ల రాత్రంతా ఏడుస్తుంది. ఆలోచన వేరు, దానికి ఒప్పుకోవడం వేరు అని చెప్పే పెద్దమనిషి ఒక్కరున్నా ఆమె నిద్రపోగలదు.

డచ్చివాడైన ఆర్మీనియస్, ఆంగ్లేయుడైన జాన్ వెస్లీ మళ్లీ పాత గ్రీకుల వైపు మొగ్గారు. ఏడో అధ్యాయం ధర్మశాస్త్రం కింద నలిగేవాడి కథ, విశ్వాసి ఇల్లు ఎనిమిదో అధ్యాయంలో ఉంది అన్నారు. వెస్లీ చెప్పిన సంపూర్ణత అంటే తప్పే చేయకపోవడం కాదు, ప్రేమ తప్ప వేరే ఉద్దేశం మనసులో మిగలకపోవడం. ఆ తేడా మన దగ్గరికి వచ్చేసరికి చెరిగిపోయింది. 1875లో ఇంగ్లండులోని కెస్విక్‌లో మొదలైన సభలు ‘జయజీవితం’ అనే మాటను లోకమంతా తిప్పాయి. ఏడు నుంచి ఎనిమిదిలోకి దాటి వచ్చేయండి అని ఈ రోజు మన సువార్త సభల్లో వినిపించే పిలుపు ఆ గాలే. దాటలేనివాడు, దాటానని సాక్ష్యం చెప్పి మళ్లీ పడినవాడు ఏం చెయ్యాలో ఆ సభల్లో చాలావరకు చెప్పరు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇద్దరు పండితులు ప్రశ్ననే మార్చేశారు. జర్మన్ పండితుడు క్యూమెల్ 1929లో, ఆ ‘నేను’ పౌలు స్వీయచరిత్ర కాదు, వాదన కోసం వాడిన శైలి అన్నాడు. స్వీడన్ దేశస్థుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో అచ్చయిన వ్యాసంలో ఇంకో మెట్టు ఎక్కాడు. పౌలు తన గతం గురించి చెప్పుకున్నచోట, ఫిలిప్పీ పత్రికలో, ధర్మశాస్త్రం విషయంలో తాను నిందారహితుడనే అన్నాడు గదా, అంతరాత్మను తవ్వుకుంటూ కుమిలిపోయే మనిషిని అగస్టీన్, లూథర్‌లు తమ అనుభవం నుంచి తెచ్చి పౌలులో కూర్చోబెట్టారు అని స్టెండాల్ వాదం. పౌలును వేధించిన ప్రశ్న యూదులూ అన్యులూ ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చోవాలన్నది. కులాల వారీగా గుడులున్న ఆంధ్రదేశంలో ఈ మాట ఉలిక్కిపడేలా చేయాలి.

ఇన్ని వాదాల్లో నాకు ఏది నచ్చింది? ఒక్కదాన్నే పట్టుకోలేను. విశ్వాసి అనుభవం విషయంలో ముసలి అగస్టీన్ చెప్పిందే నిజమనిపిస్తుంది. ఆశ విషయంలో వెస్లీని వదులుకోలేను. అయితే అందరూ దాటేసిన ఒక సంగతి ఆ అధ్యాయంలోనే ఉంది. పందొమ్మిదో వచనంలో ఆ ‘నేను’ మొదట ఏడ్చేది చేయని మేలు గురించి. చేసిన కీడు ఆ తర్వాత వస్తుంది.

ఈ సంగతులు మన తీరానికి ఎలా వచ్చాయో చూస్తే, ఒక్కో మిషను ఒక్కో జవాబు వెంట తెచ్చుకుందని తెలుస్తుంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1810 నాటికి ఇద్దరూ చనిపోయారు. ఆ పనిని ప్రిచెట్ ముందుకు తీసుకెళ్లాక 1818లో తెలుగు కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. రోమా పత్రిక తెలుగువాడి చేతికి పుస్తకంగా వచ్చింది అప్పుడే. మరో తరానికి గంజాం ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌధరి (1803-1890) పాపి గుండెకోతను రాగతాళాల్లో పెట్టి పాడించాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయనవి ఎన్నో ఉన్నాయి. చదువు రాని విశ్వాసులు కూడా ‘నేను పాపిని’ అని చెప్పుకోవడం ఆ పాటల వల్లే నేర్చుకున్నారు. ఒక్కరే కూర్చుని పాడుకోవడానికీ, పదిమంది కలిసి పాడటానికీ పనికొచ్చే పాటలవి. పశ్చాత్తాపాన్ని ఇంత తెలుగుగా చెప్పిన గద్యం మనకు లేదు.

కథోలికుల వైపు నుంచి వచ్చింది వేరే సంపద. 1846లో విశాఖ చేరిన గురువులు ఫ్రాన్సిస్ ది సేల్స్ పేరు మీద ఏర్పడిన సంస్థవారు, ఆల్ప్స్ పర్వతాల కింది అనెసీ నుంచి వచ్చినవారు. ఆ ఫ్రాన్సిస్ (1567-1622) రాసిన భక్తిజీవిత ప్రవేశిక 1609లో అచ్చయింది. మామూలు సంసారుల కోసం రాసిన పుస్తకం అది. పడిపోయినప్పుడు నీ మీద నువ్వే కోపం తెచ్చుకుని తిట్టుకోవడం గర్వానికి ఇంకో రూపం, నీతో కూడా సాత్వికంగా ఉండు, దయతో లేపుకుని మళ్లీ నడువు అన్నది ఆయన బోధ సారం. ఉత్తరాంధ్రకు దాదాపు 180 ఏళ్ల కిందటే వచ్చిన ఈ బోధ కథోలిక గుడి ప్రహరీ దాటి పక్క వీధిలోని బాప్టిస్టు గుడికి చేరలేదు. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ప్రొటెస్టంట్లకు వద్దు, సరే. ఆ సాత్వికం ఎందుకు వద్దు?

అనకాపల్లి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. ఇప్పటి ఈ జిల్లాలో ఉన్న యలమంచిలి, నర్సీపట్నం ఒకప్పుడు కెనడియన్ బాప్టిస్టుల కేంద్రాలు. వాళ్ల పని 1874లో జాన్ మెక్లారిన్‌తో కాకినాడలో మొదలైంది. నిజానికి అక్కడ తామస్ గాబ్రియేలు అనే తెలుగు సువార్తికుడు ముందే వేసిన పునాది మీద మొదలైంది. ముంచి ఇచ్చే బాప్తిస్మం, సంఘపు మినిట్స్ పుస్తకం, తప్పు చేసిన సభ్యుణ్ణి కొన్నాళ్లు బల్ల నుంచి ఆపే క్రమశిక్షణ ఇవన్నీ ఆ బాప్టిస్టు పద్ధతులే. దక్షిణాన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు క్లౌ హయాంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ధాత కరవు అనే పెద్ద కరవు వెన్నంటే వచ్చిన రోజులవి. అంతమందికి ఆ తర్వాత ఏళ్లలో లోపలి యుద్ధం గురించి నేర్పడానికి ఉపదేశకులు ఎక్కడినుంచి వస్తారు? మద్యం, పొగాకు, విగ్రహాలు, రెండో పెళ్లి అంటూ చేయకూడనివాటి పట్టిక చెప్పడం తేలిక. ఆ తేలిక పద్ధతే నిలిచిపోయిందని నా అనుమానం.

దీనికి పెద్ద మినహాయింపు 1906. వేల్స్‌లో 1904లో మొదలైన ఉజ్జీవం 1905లో ఖాసీ కొండలకు, ఆ మరుసటి ఏడు తెలుగు బాప్టిస్టు సంఘాలకు వచ్చింది. జనం గుడుల్లో బిగ్గరగా ఏడుస్తూ పాపాలు ఒప్పుకున్నారు. ఈ ఉజ్జీవం గురించి ఇప్పుడు చెప్పేవాళ్లు ఏడుపు గురించే చెబుతారు. నాకు విలువైందిగా తోచేది వేల్స్‌లో దాని వెంట వచ్చిన రెండో భాగం. పాత బాకీలు తీర్చడం, దొంగిలించింది తిరిగి ఇవ్వడం, మాటల్లేని పొరుగువాడి గుమ్మం ఎక్కడం. లూకా సువార్తలో జక్కయ్య చేసింది కూడా అదే. ఆయన ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు, లెక్క తేల్చినట్టు రాశాడు.

దోర్నకల్ బిషప్ అజరయ్య (1912లో అభిషిక్తుడైన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్) సంఘంలో మాల మాదిగ భేదం ఉండకూడదని పట్టుబట్టాడు. భక్తసింగ్ (1903-2000) హైదరాబాదు హెబ్రోను నుంచి నడిపిన పరిశుద్ధ సమాజకూడికల్లో వేలమంది కలిసి ఉండి, కలిసి తిని, కలిసి ప్రార్థించారు. వాళ్లిద్దరి దృష్టిలో విశ్వాసి పోరాటం నలుగురి మధ్య జరిగేది. ఇప్పుడది హెడ్‌ఫోన్ పెట్టుకుని యూట్యూబులో ప్రసంగం వినేవాడి సొంత వ్యవహారమైపోయింది.

మద్యం గురించి మాత్రం పాత పట్టికను తేలిగ్గా కొట్టిపారేయను. తెలుగు పల్లెల్లో సారా ఎన్ని ఇళ్లు ముంచిందో ఆడవాళ్లను అడగాలి. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన ఉద్యమం 1995లో మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ‘మా ఆయన రక్షణ పొందాక తాగుడు మానేశాడు, ఇంట్లో బియ్యం నిండింది’ అని సాక్ష్యం చెప్పే అక్క మాటను వెటకారం చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ ఇంట్లో పాపం నుంచి విడుదల అంటే పిల్లల కంచంలో అన్నం. సమస్య అంతటితో ఆగిపోవడంలో ఉంది. తాగుడు మానిన మనిషి ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఏం చెయ్యాలి? మానినవాటిని తలుచుకుంటూ, మళ్లీ పడతానేమోనని భయపడుతూ బతకడమేనా?

యాకోబు తన పత్రిక నాలుగో అధ్యాయం చివర ఒక మాట రాశాడు. మేలైనది ఏదో తెలిసి కూడా చేయనివాడికి అది పాపమే అని దాని సారం. మన సంఘాల్లో దాని మీద ప్రసంగం ఎప్పుడు విన్నామో గుర్తు తెచ్చుకోండి. ఇక బల్ల దగ్గర చదివే కొరింథీ మొదటి పత్రిక పదకొండో అధ్యాయం సంగతి. చాలాచోట్ల ఇరవైమూడో వచనం నుంచి చదవడం మొదలుపెట్టి హెచ్చరిక దగ్గర ఆపుతారు. కొంచెం పైనుంచి, పదిహేడో వచనం నుంచి చదివితే ఆ హెచ్చరిక ఎవరికో తెలుస్తుంది. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో నిలబడేవారు. పౌలు కోపమంతా ఆ తినేసినవాళ్ల మీద. అక్కడ అయోగ్యత అంటే పక్కవాడి ఆకలి పట్టనితనం. మన దగ్గర మాత్రం రాత్రి తప్పు చేసి కుమిలిపోతున్న కుర్రాడు వెనక్కి వెళ్తాడు. కూలి డబ్బులు ఎగ్గొట్టిన ఆసామి ముందు వరసలో కూర్చుని నిశ్చింతగా రొట్టె అందుకుంటాడు. ఆయన్ని వెళ్లిపొమ్మనడం నా ఉద్దేశం కాదు. కుర్రాడికి ఉన్నపాటి పోరాటం ఆయనకూ కలగాలి అంటున్నాను.

ఆ పోరాటం ఎలా ఉంటుందో అనకాపల్లిలో వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. చలికాలం మొదలయ్యాక చెరకు ఆడే చోటికి తెల్లవారుజామున వెళ్లి చూడండి. పొయ్యిలో ఎండిన పిప్పి ఎగదోస్తూ ఒకరు, పెనంలో మరిగే రసం మీద తేలే మురికి జల్లెడగరిటెతో తీస్తూ ఒకరు. సున్నపుతేట పోశాక రసం తేరుకుంటుంది. పాకం ముదిరే వేళకు ఒక పొట్లం విప్పుతారు. దాన్ని అందరూ హైడ్రోస్ అనే అంటారు. గుప్పెడు చల్లితే ముదురు రంగు పాకం కళ్లముందే పసుపుపచ్చగా తిరుగుతుంది. యార్డులో వేలం పాడేవాళ్లు మొదట చూసేది రంగే. పచ్చటి దిమ్మకు ఒక ధర, నల్లదానికి ఒక ధర. ఆ రంగు కూడా నిలిచేది కాదు, కొన్ని వారాలకు దిమ్మ మళ్లీ నల్లబడుతుంది. అప్పటికి అది ఎక్కడో ఒడిశాలోనో బెంగాల్లోనో ఎవరి ఇంట్లోనో ఉంటుంది. ఈ మందు మోతాదు మించితే తినేవాళ్ల ఒంటికి మంచిది కాదని పెనం దగ్గర పనిచేసే పిల్లాడికి కూడా తెలుసు.

ఆ పెనం ముందు విశ్వాసి అయిన కౌలురైతును ఊహించుకోండి. పొలం తనది కాదు. ఎరువుల కొట్టులో బాకీ ఉంది. మందు వెయ్యకపోతే ధర రాదు, వేస్తే ఎవరి పిల్లలకో తినిపించాలి. ఆదివారం పదాజ్ఞలు వల్లించినా అతనికి జవాబు దొరకదు. దొంగతనం చేయలేదు, అబద్ధం ఆడలేదు, తాగలేదు. పట్టిక ప్రకారం నీతిమంతుడే. అయినా పొట్లం విప్పుతున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పౌలు చెప్పిన ఆ రెండు నియమాల పోరాటం అతనికి తెలిసేది అప్పుడే. తప్పంతా అతని మీద వేసి గద్దించడం కూడా అన్యాయమే. రంగు చూసి ధర కట్టే సంతలో అతనొక్కడే నీతిగా ఉండి నష్టపోవాలని పుల్పిట్ మీద నుంచి చెప్పడం చాలా తేలిక. మందు లేకుండా బెల్లం వండే పద్ధతులున్నాయి. బెండమొక్కల జిగురుతో మురికి తీయవచ్చు. అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇలాంటి బెల్లం గురించి రైతులకు చెబుతూనే ఉంది. సంఘంలో యాభై కుటుంబాలుంటే, ఆ కుటుంబాలన్నీ కలిసి ఆ ఒక్క రైతు నల్లబెల్లాన్ని మంచి ధరకు కొనవచ్చు. క్రిస్మస్‌కు అరిసెలు వండేది ఎలాగూ బెల్లంతోనే. అప్పుడు అతని పోరాటం అతనొక్కడిది కాదు. చేయదలచిన మేలు చేయడానికి మనిషికి బలం చాలనిచోట సంఘం చెయ్యి కలపాలన్నది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, గలతీ పత్రికలో ఒకరి భారాలు ఒకరు మోయమన్నది ఇందుకే.

ఇంతకంటే లోతైన గాయం ఇంకొకటి ఉంది. గుడిలో బహిరంగంగా దాని పేరెత్తరు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవారికి ఎస్సీ గుర్తింపు ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సవరించారు. క్రైస్తవులకు సవరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సీలో చేర్చారు. వాళ్లను ఎస్సీల్లో చేర్చమని శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసినా, కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసినా ఉత్తర్వు మారలేదు. ఫలితం ఏమిటంటే, పేటలో పుట్టిన పిల్ల కాలేజీ దరఖాస్తులో మతం గడి దగ్గర ఆగిపోతుంది. అంటరానితనం ఆమెను బాప్తిస్మం తర్వాత కూడా వదల్లేదు, కాగితం మాత్రం వదిలేసిందంటుంది. నిజం రాస్తే సీటు పోతుంది. రాయకపోతే ఆదివారం పాట పాడుతున్నప్పుడు గొంతు పట్టేస్తుంది. దీన్ని ఆమె పాపంగా లెక్కగట్టే బోధకుల మాట వింటే నాకు బాధ కలుగుతుంది. పేదవాడిని ఇలాంటి ఇరుకులో నిలబెట్టిన చట్టం సంగతి, తమ కులంలోనే సంబంధాలు వెతికే పై వరసల క్రైస్తవుల సంగతి ముందు తేలాలి. అంతరాత్మలో కలిగే ప్రతి నొప్పీ ఆ మనిషి తప్పుకే గుర్తు కాదు. కొన్నిసార్లు అది ఇతరుల పాపం ఆ మనిషి ఒంట్లో పలుకుతున్న నొప్పి.

ఇంకో రకం నొప్పి కూడా ఉంది, అది జబ్బు. క్షమాపణ దొరకలేదేమోనని రోజుకు యాభైసార్లు అదే ప్రార్థన చేసేవాళ్లు, వద్దన్నా దేవదూషణ మాటలు మనసులోకి వస్తున్నాయని వణికిపోయేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేవాడు. జాన్ బన్యన్ 1666లో రాసుకున్న ఆత్మకథలో, క్రీస్తును అమ్మేయమని ఒక మాట తన తలలో ఆగకుండా మోగుతుండేదని చెప్పుకున్నాడు. ఇలాంటివాళ్లకు ఇంకా ఉపవాసం చెయ్యి, ఇంకా పరీక్షించుకో అనడం పుండు మీద కారం చల్లడమే. వాళ్లకు ఒక సాత్వికమైన కాపరీ కావాలి, ఒక డాక్టరూ కావాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలిమానస్ 14416 నంబరుకు ఇంట్లోంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. గుడి నోటీసు బోర్డు మీద ఉపవాస ప్రార్థన తేదీల పక్కన ఈ నంబరు రాస్తే విశ్వాసానికి వచ్చే లోటు ఏమీ లేదు.

అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. అక్కడి బౌద్ధ భిక్షువుల సంప్రదాయంలో పక్షానికోసారి అందరూ కూడి నియమాలు చదువుకుని, తప్పినవాళ్లు సాటివాళ్ల ముందు ఒప్పుకోవడం ఉండేది. మనిషి తన పోరాటాన్ని ఒక్కడే మోయలేడని క్రైస్తవం ఇక్కడికి రాకముందే ఈ నేల మీద తెలిసినవాళ్లున్నారు. యాకోబు కూడా పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమనే రాశాడు. మన దగ్గర శుక్రవారం ఉపవాస కూడికల్లో ఆడవాళ్లు కొంతవరకు ఈ పని చేస్తున్నారు. తలుపు దగ్గరగా వేసుకుని, చాప మీద కూర్చుని, ‘అక్కా, అత్తమీద కోపం పోవడం లేదు, ప్రార్థన చెయ్యి’ అని అడగగలుగుతున్నారు. మగవాళ్లకు అలాంటి చోటు లేదు. ఉంటే వెనక వరసలు కొంత ఖాళీ అవుతాయి.

అందరికంటే తక్కువ చోటు ఉన్నది పాస్టరు గారికి. కథోలిక గురువు మరో గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తాడు. పాత మిషను సంఘాలకు పైన అసోసియేషన్ ఉండేది. గత కొన్ని దశాబ్దాల్లో వెలసిన స్వతంత్ర సంఘాల్లో అయ్యగారికి పైన ఎవరూ లేరు, పక్కన కూడా ఎవరూ లేరు. కుటుంబం గడిచేది కానుకల మీద. నాకూ శోధనలున్నాయి, నేనూ ఓడిపోతుంటాను అని ఒక్క ఆదివారం చెబితే మరుసటి ఆదివారం సగంమంది పక్క సంఘంలో ఉంటారని ఆయన భయం. అది ఉత్త భయం కూడా కాదు. కాబట్టి జయజీవితం గురించే ప్రసంగిస్తాడు. వినేవాళ్లు ఓడిపోయేది తామొక్కరమే అనుకుంటారు. ఈ మౌనం పైనుంచి మొదలవుతోంది గనుక విప్పడం కూడా అక్కడే మొదలవ్వాలి. పట్టణాల్లోనూ మండలాల్లోనూ పాస్టర్ల ఫెలోషిప్పులు ఉన్నాయి. సభల తేదీలు, సమాధిస్థలాల ఇబ్బందులు, కలెక్టరు గారికి ఇవ్వాల్సిన వినతిపత్రాలు మాట్లాడుకుంటారు. ఆ కూడికలో ఒక గంట, ఇద్దరిద్దరు చొప్పున వేర్వేరు గదుల్లో కూర్చుని ఒకరి పోరాటం ఒకరు వినడానికి పెట్టమని విశ్వాసులుగా మనం అడగాలి. అడిగేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి: అయ్యగారూ, మీరు ఓడిపోయారని తెలిసినా మేం సంఘం మారం, కానుక తగ్గించం.